నూట ముప్పై దినాలు

స్వర్ణలత పనిలో సగం ఫోన్లు చేయడమే. ప్రొద్దుటూరులో పోలీసు కార్యాలయం వెనక, పాత ఫైళ్లు ఖాళీ చేసిన గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక నీళ్ల క్యాను, గోడకు 'బాధితుల సహాయ విభాగం' అని బోర్డు. విభాగం అనే మాట పెద్దదే గాని అందులో ఉన్నది ఇద్దరు: కాంట్రాక్టు మీద కౌన్సెలర్‌గా చేరిన స్వర్ణలత, రిటైర్మెంటుకు రెండేళ్లున్న హెడ్ కానిస్టేబుల్ ఖలందర్. దెబ్బలు తిన్నవాళ్లను ఆస్పత్రికి తీసుకుపోవడం, కోర్టు వరండాలో వాళ్ల పక్కన నిలబడడం, వారానికొకసారి ఫోన్ చేసి ఫారంలో ఉన్న ప్రశ్నలు అడగడం వాళ్ల పని. అన్నం తింటున్నారా? నిద్ర పడుతోందా? ఎవరైనా బెదిరిస్తున్నారా? ఈ మూడు ప్రశ్నలూ ఆమె రోజుకు ఇరవైమందిని అడుగుతుంది. ఆమెను అడిగేవాళ్లు ఎవరూ లేరు.

ఆ సోమవారం తస్లీమా నంబరుకు మూడుసార్లు చేసింది. మూడుసార్లూ ఎత్తింది మరిది అబ్రారే.

"మా వదినె మాట్లాడదు మేడమ్. ఇద్దత్‌లో వుండాది."

"ఫోన్లో మాట్లాడేదానికి ఏమప్పా? నేను ఆడదాన్నే గదా."

"ఇద్దత్ మేడమ్," అన్నాడు మళ్లీ, ఆ ఒక్క మాటతో తలుపు మూసినట్టు.

ఫోన్ పెట్టేసి ఖలందర్ వైపు తిరిగింది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, సమన్ల కాగితాలకు సూదీ దారంతో కుట్టు వేస్తున్నాడు. స్టేప్లర్ పిన్నులు తుప్పు పడతాయని ఆయనకు వాటి మీద నమ్మకం లేదు.

"ఖలందరన్నా, ఇద్దత్ అంటే ఇంట్లోంచి అసలు కదలకూడదా?"

"మొగుడు పోయినాక నాలుగు నెలల పది దినాలు. నూటముప్పై అనుకో. సింగారం వుండదు, పెండ్లిండ్లకు పోయేది వుండదు, పరాయి మగోళ్ల ముందరికి వచ్చేది వుండదు. అంతేగాని మరీ జైలేం గాదు మేడమ్. అవసరానికి పోవచ్చు. మా చిన్నమ్మ ఇద్దత్‌లో వుండంగనే బ్యాంకుకు పోయింది, ఆధార్ కాడికి పోయింది, కంటి ఆపరేషన్ గూడా చేయించుకునింది."

"అయితే వీళ్లు సాకు చెప్తాండారు."

"నేనా మాట అనలే," అన్నాడు ఖలందర్, దారం పళ్లతో తెంపుతూ.

అనకపోయినా స్వర్ణలతకు అంతే చాలింది. ఎందుకంటే తస్లీమా నోటి మాట ఎంత విలువైనదో ఆ జిల్లాలో ఆమెకొక్కదానికే తెలుసు. నలభై ఆరు రోజుల కిందట, సర్కారు ఆస్పత్రిలో స్ట్రెచర్ పక్కన, ఇరవై ఆరేళ్ల ఆ పిల్ల స్వర్ణలత మణికట్టు పట్టుకుని గోళ్లు దిగేలా నొక్కి చెప్పింది. "వెనక్కి వచ్చినాడక్కా. చూసుకుని మళ్లా వెనక్కి వచ్చినాడు." స్ట్రెచర్ మీద ఉన్నది ఆమె మొగుడు కలీం. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనివాడు. ఆ ఫ్యాక్టరీ యజమాని శివశంకర్ బండల బురదనీళ్లు వీధిలోకి వదులుతున్నాడని కలీం సంతకాలు సేకరించాడు. వారం తిరక్కుండా తన ఇంటి ముందరే శివశంకర్ జీపు కింద పడ్డాడు. కేసు యాక్సిడెంటుగా నమోదైంది, శివశంకర్ స్టేషన్ బెయిలు మీద ఆ రోజే ఇంటికి పోయి అన్నం తిన్నాడు. ఆ సాయంత్రం పెద్దమనుషులు కలీం ఇంటికి వచ్చి పోయినప్పటి నుంచి తస్లీమా నోరు విప్పలేదు.

"నీకు చెప్పింటే చాలదమ్మా, మాకు చెప్పల్ల," అని కేసు చూస్తున్న జమ్మలమడుగు సీఐ ఆమెకు ఇదివరకే చెప్పాడు. చెడ్డవాడు కాదు, తీరిక లేనివాడు. "రెండుసార్లు కబురంపితిమి. రాలే. శుక్రవారం ఫైలు కోర్టుకు పోతాది. ఆలోపల ఆ పిల్ల మాట రాకపోతే యాక్సిడెంటే."

మంగళవారం ఇద్దరూ బస్సెక్కి జమ్మలమడుగులో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఊరి చివరి కాలనీకి పోయారు. ఇండ్లన్నీ నల్లబండలతో కట్టినవే. నేల బండ, గోడ బండ, అరుగు బండ. కలీం ఇంటి ముందు వీధి కడిగి ఉంది గాని, బురదనీళ్ల తెల్లటి చార మాత్రం కాలువ పొడుగునా ఎండిపోయి అట్లాగే ఉంది.

కలీం తల్లి షాహీదాబీ గుమ్మంలో నిలబడి లోపలికి రమ్మంది. ఎముకలు తేలిన మనిషి. మాట తక్కువ. నడవలో చాప పరిచింది. నడవకూ లోపలి గదికీ మధ్య పాత ఆకుపచ్చ దుప్పటి తాడుకు వేలాడుతోంది. దాని వెనక కుట్టుమిషను చప్పుడు వినిపించి, వీళ్లు కూర్చోగానే ఆగిపోయింది.

అబ్రార్ ఎదురుగా కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లుంటాయి. వేళ్ల సందుల్లో బండ పొడి. చొక్కా జేబులో పాస్‌పోర్టు ఫొటోల కవరు పైకి కనిపిస్తోంది. ఏది అడిగినా మర్యాదగానే జవాబు చెప్పాడు, అన్నీ వదినె తరఫున.

"మా వదినె ఏమీ చూల్లేదు మేడమ్. చప్పుడు విని కిటికీ కాడికి వచ్చేతలికే అంతా అయిపోయింది."

"ఆ మాట ఆమెను చెప్పనీ."

దుప్పటి పక్కగా ఒక చెయ్యి బయటికి వచ్చింది. గాజుల్లేని చెయ్యి. టీ గ్లాసు బండ మీద పెట్టి వెనక్కి పోయింది. ఇంకోసారి వచ్చి ఇంకో గ్లాసు పెట్టింది. స్వర్ణలత ఆ చెయ్యినే చూస్తూ కూర్చుంది. తన మణికట్టు పట్టుకున్నది ఆ చెయ్యే.

"తస్లీమా, నేను స్వర్ణలతను. ఆస్పత్రిలో నీతో వున్న్యా. ఇది నీ ఇష్టంతోనే జరుగుతాందా, ఎవరన్నా కట్టడి చేసినారా? ఒక్క మాట చెప్పు, చాలు."

దుప్పటి వెనక నుంచి సన్నటి గొంతు వచ్చింది.

"పోయిరాక్కా."

పొమ్మనడం ఇంత మెత్తగా ఉంటే మరీ బాధగా ఉంటుంది. షాహీదాబీ ఖాళీ గ్లాసులు తీసుకుంటూ స్వర్ణలత కళ్లలోకి ఒకసారి చూసింది. ఆ చూపును స్వర్ణలత బెదిరింపు అనుకుంది. అత్తలను ఆమె ఉద్యోగంలో చాలామందిని చూసింది మరి.

తిరుగు బస్సులో ఖలందర్ కునుకు తీస్తుంటే ఆమె ఒళ్లో ఫారం పెట్టుకుని రాసింది. చివరి పేజీలో 'బాధితుల పరిస్థితి' అని ఒక గడి ఉంటుంది. అందులో ఎప్పుడూ 'సాధారణం' అనే రాస్తారు. ఈసారి స్వర్ణలత పెన్ను నొక్కి పట్టి, బాధితురాలిని అత్త, మరిది గదిలో నిర్బంధించి మాట్లాడనివ్వడం లేదని, మహిళా కానిస్టేబుళ్లను పంపి ఆమెను వెంటనే స్టేషన్‌కు తరలించాలని రాసింది. బస్సు స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరినప్పుడల్లా అక్షరాలు వంకర పోయాయి. దిగకముందే ఫొటో తీసి సీఐకి పంపింది.

రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "మంచి పని చేసినావమ్మా. ఇట్ల రాసిస్తేనే మాకూ కాళ్లాడేది. బేస్తవారం పొద్దున్నే పంపిస్తా. ఇంట్లోవాళ్లకు గూడా చెప్పిస్తాలే, రెడీగా వుండమని."

ఇంటికి చేరేసరికి ఆరైంది. ఇల్లంటే మేడమీద ఒక గది, దాని ముందు నీళ్ల ట్యాంకు నీడ. బొరుగులు నానబెట్టి ఉగ్గాణి చేసుకుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని తింది. ఇవాళ ఒక పిల్లను కాపాడాను అని పైకే అనుకుంది. వినేదానికి ఎవరూ లేని గదిలో ఆ మాట ఆమెకే వింతగా తోచింది. పళ్లెం కడిగి బోర్లించి, రేపు ఫోన్ చేయాల్సిన వాళ్ల జాబితా తీసుకుని కూర్చుంది.

బుధవారం ఆఫీసు తలుపు తీయడానికి వచ్చేసరికి మెట్ల మీద నల్ల బురఖాలో ఒక మనిషి కూర్చుని ఉంది. పక్కన మందుల కవరు. ముసుగు తీసేదాకా షాహీదాబీ అని గుర్తు పట్టలేకపోయింది.

"షుగర్ మాత్రలకని చెప్పి వచ్చినా బిడ్డా. పది గంటల బస్సుకు మళ్లా పోవల్ల."

కుర్చీ చూపించినా కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"మా కోడల్ని రేపు స్టేషన్‌కు తోడుకపోతారంట. కానిస్టేబుల్ వచ్చి చెప్పిపాయ. నువ్వే రాసిస్తివంట గదా?"

"అవును పెద్దమ్మా. ఆ పిల్లను మీరు పరదా వెనక పెట్టి నోరు కట్టేస్తే చూస్తా కూచోమంటావా?"

షాహీదాబీకి కోపం రాలేదు. అలిసిపోయినట్టు ఒకసారి కళ్లు మూసి తెరిచింది.

"ఆ దుప్పటి కట్టింది నేనే. ఎందుకు కట్టినానో అడిగినావా బిడ్డా?"

స్వర్ణలత అడగలేదు.

"దినామూ సాయంత్రమయితే శివశంకర్ మనుషులు వచ్చి మా నడవలో కూచుంటారు. అబ్రార్‌కు కువైట్ వీసా తెప్పిస్తామని ఆశ పెట్టినారు. వాడు చిన్నోడు, బండ పొడి మింగి మింగి దగ్గుతాండాడు, ఈడ వుంటే వాడి అన్న మాదిరే పోతానని వాడి భయం. వాళ్లకు కావల్సింది ఒకటే. నా కోడలు వచ్చి పెద్దమనుషుల ముందర కూచుని, అది యాక్సిడెంటే, నేనేం చూల్లేదు అని ఒక్కసారి చెప్పల్ల. వాళ్లు దాన్ని సెల్‌ఫోన్లో వీడియో పట్టుకుంటారు. అంతటితో ఐపాయ."

"ఆమె చెప్పనంటే?"

"అంతమంది మగోళ్ల మధ్యలో కూచోబెడితే యెవరైనా ఏమైనా చెప్తారు బిడ్డా. అందుకే ఇద్దత్ అంటి. నూటముప్పై దినాలు ఆ పిల్ల పరాయి మొగం చూడకూడదు, గుమ్మం దాటకూడదు అంటి. మా మసీదు హజరత్ అవసరానికి పోవచ్చమ్మా అన్న్యాడు, నేను ఒప్పుకోలే. దానికి వాళ్లు ఏమీ అనలేరు. నా కోడలికీ అదే ఇష్టం. ఎంత పెద్దోడు వచ్చినా ఆ దుప్పటి ఇవతలే ఆగిపోతాండాడు. ఇప్పుడు నువ్వు దాన్ని బయటికి ఈడిస్తే ఏమైతాది? పోలీస్ స్టేషన్‌కు వచ్చిందానివి పంచాయితీకి రాలేవా అంటారు. రేపు స్టేషన్ ముందరే కాసుకోనుంటారు. నీ కాగితం గురించి విని మా అబ్రార్‌కు ఎంత సంతోషమాయనో నీకు తెల్దు."

స్వర్ణలతకు చెవులు వేడెక్కాయి. పదకొండేళ్లుగా ఎంతోమంది ఆడవాళ్లను గదుల్లోంచి బయటికి తెచ్చింది. తలుపు మూసుకుంటే దాన్ని మూసినవాళ్లు లోపలి మనిషికి శత్రువులే అనుకోవడం అలవాటైపోయింది. ఆ పిల్లకు మిగిలిన ఒకే ఒక దుప్పటిని తన చేత్తోనే లాగేయబోయింది. సిగ్గుతో బల్ల మీద కాగితాలు అటూ ఇటూ సర్దింది.

"మరి నిన్న ఆ చూపుతో చెప్పేదానికి బదులు నోటితో చెప్పింటే బాగుండు గదా పెద్దమ్మా."

"ఎట్ల చెప్తా? కొడుకు ఎదురుగా కూచోనుండె." ఆమె మందుల కవరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "ఒక కొడుకు పాయ. రెండోవాడు విమానమెక్కి పోతాడు. నాకు మిగిలేది ఆ పిల్ల ఒక్కతే. అది అబద్ధం చెప్పి నా దగ్గర వుంటే నేను దాని మొగం చూడలేను, అది నా మొగం చూడలేదు."

"ఆమె నిజం చెప్తాదా?"

"నువ్వు ఆడకొస్తే చెప్తాది. ఆడమనిషి వచ్చి, దుప్పటి లోపల కూచుంటే. వాకిలి కాడ నేనుంటా."

ఆడవాళ్లను స్టేషన్‌కు రమ్మనకూడదు, ఇంటికే పోయి వాంగ్మూలం తీసుకోవాలి అనేది చట్టంలో ఉన్నదే. శిక్షణలో ఆ పేజీని స్వర్ణలతే నలుగురికి చదివి వినిపించింది. కంగారులో తనకే గుర్తు రాలేదు.

మధ్యాహ్నం బస్సులో జమ్మలమడుగు పోయి సీఐ ముందర నిలబడి రెండో కాగితం ఇచ్చింది. 'నా మొదటి నివేదిక తప్పు' అని మొదలైంది అది. సీఐ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"నిన్న నిర్బంధం అంటివి, ఈ పొద్దు రక్షణ అంటావు. రేపు కోర్టులో డిఫెన్సోళ్లు ఇవి రెండూ చూపించి నవ్వుతారు. నీ కాంట్రాక్టు కూడా మార్చిలో రెన్యువల్‌కు వస్తాది గదమ్మా. ఈ రెండోది నేను చూడనట్టు వుంటా, చించేసుకో."

"వద్దు సార్. ఫైల్లో పెట్టండి. తప్పు రాసింది నేనే, ఒప్పుకునేదీ నేనే."

ఆమె కాగితం వెనక్కి తీసుకోలేదు. సీఐ కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టి, రేపటి కానిస్టేబుళ్లను ఆపించాడు.

"నా దగ్గర ఆడ ఎస్సై లేదు. వున్న ఒక్కతీ కాన్పు సెలవులో వుండాది. పులివెందుల్లో శోభమ్మ వుంది, నువ్వే అడుక్కో. శుక్రవారం మాత్రం మారదు."

శోభ ఫోన్లో ఒక్కటే అడిగింది. "ఆ పిల్ల మాట్లాడతాదని నీకు నమ్మకముందా?" ఉందని చెప్పింది స్వర్ణలత. నిజానికి నమ్మకం లేదు, ఆశ మాత్రం ఉంది.

బేస్తవారం పదకొండుకు శోభ జీపు కాలనీలోకి వచ్చింది. యూనిఫాంలో పొడుగ్గా, చేతిలో ప్యాడుతో దిగింది. ఆమె వెనకే స్వర్ణలత, ఖలందర్. అబ్రార్ గుమ్మానికి అడ్డంగా లేచి నిలబడ్డాడు. అప్పటికే ఎవరికో ఫోన్ కలుపుతున్నాడు.

"ఇద్దత్‌లో వున్న మనిషి మేడమ్. ఎట్ల పోతారు లోపలికి?"

"ఆడోళ్లు పోవచ్చు," అంది షాహీదాబీ కొడుకు వెనక నుంచి. "పోకూడనోడివి నువ్వు. నడవలో గూడా వుండగాకు. ఆ అరుగు మీద పోయి కూచో."

అబ్రార్ తల్లి వైపు చూశాడు. నలభై తొమ్మిది రోజులుగా తను అందరికీ చెప్పిన మాట తనకే తగిలింది. చెప్పులు వేసుకుని అరుగు మీదికి పోయాడు. ఖలందర్ వెళ్లి అతని పక్కన కూర్చుని, ఫోన్ జేబులో పెట్టుకోమని సైగ చేశాడు.

స్వర్ణలత మొదటిసారి దుప్పటి పక్కకు జరిపి లోపలికి పోయింది. చిన్న గది. కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన నైటీలు, కిందికి దింపిన కిటికీ గుడ్డ. తస్లీమా వెలిసిన బూడిదరంగు బట్టల్లో నేల మీద కూర్చుని ఉంది. రెండు చెవుల్లోనూ దూది. వీళ్లను చూసి దూది తీసి ఒళ్లో పెట్టుకుంది.

శోభ ఆమె ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. టోపీ తీసి పక్కన పెట్టింది. "నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తా. మధ్యలో ఆపాలనుంటే ఆపు. నీళ్లు తాగాలనుంటే తాగు," అంది.

తస్లీమా నేలను చూస్తూ మొదలుపెట్టింది.

"నమాజుకు పోయేదానికి బయటికి పోయినాడు. నేను ఈడనే మిషను మీద వున్న్యా. దబ్బుమని చప్పుడాయ. కిటికీ తీసి చూసినా. పడిపోయినాడు. కానీ లేస్తాండాడక్కా. చేత్తో బండను పట్టుకుని లేస్తాండాడు. బతికినాడు అనుకున్న్యా. దేవునికి దండం గూడా పెట్టుకున్న్యా." అక్కడ ఆగింది. నైటీ అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది. "జీపు ఆడ ఆగింది. శివశంకర్ తల బయటికి పెట్టి వెనక్కి చూసినాడు. ఆయప్ప మొగం నాకు బాగా కనపడింది. తర్వాత పాట వచ్చింది."

"ఏం పాట?"

"బండి వెనక్కి పోయేటప్పుడు మోగే పాట. ఆ పాట మోగుతానే వుండె, జీపు వెనక్కి వస్తానే వుండె. వీధిలో అందరూ విన్న్యారు. యెవరిని అడిగినా వినలేదంటారు."

అరుగు మీద నుంచి దగ్గు వినిపించింది. పల్చటి తలుపు, దుప్పటి. అబ్రార్‌కు ప్రతి మాటా వినపడుతూనే ఉంటుంది.

గంటసేపు పట్టింది. రాసిందంతా శోభ మెల్లగా చదివి వినిపించింది. తస్లీమా ఒకేఒక్కచోట ఆపింది. "పడిపోయి లేచినాడు అని రాసినావు మేడమ్. లేస్తాండాడు అని రాయి. లేయనీలే గదా." శోభ కొట్టేసి, మళ్లీ రాసింది. టోపీ పెట్టుకుంది.

బయటికి పోయిన శోభ డ్రైవరుతో అన్న మాట కిటికీలోంచి వినిపించింది. "వెనక్కి తీయగాకు. ఎంత దూరమైనా ముందుకే పోయి, ఆ సందు చుట్టుకుని పోనీ." జీపు ఆమెను ఎక్కించుకుని ముందుకే పోయింది, పాట మోగలేదు. తస్లీమా చేతిలోకి తీసుకున్న దూదిని మళ్లీ ఒళ్లో పెట్టేసింది.

స్వర్ణలత ఫారం తీసింది. సంతకాల పని లేదు, అడగాల్సినవి మూడు ప్రశ్నలే. అన్నం తింటున్నావా అని అడిగింది. తింటాన్నాను అంది తస్లీమా. నిద్ర పడుతోందా అంది. కొంచెం అంది. మూడోది అడగబోతుంటే తస్లీమానే ఆమెను అడిగింది.

"నీకెన్ని దినాలిచ్చినారక్కా?"

"ఏంది?"

"ఆస్పత్రిలో చెప్పినావు గదా, నాకూ ఇట్లనే అయిందమ్మా అని. నీకెన్ని దినాలిచ్చినారు ఏడ్చేదానికి?"

ఆ మాట చెప్పినట్టు స్వర్ణలతకు గుర్తే లేదు. ఎవరికీ చెప్పని మాట, ఆ కారిడార్లో ఆ పిల్లను నిలబెట్టడానికి నోరు జారి ఉంటుంది.

"పదకొండు," అంది. "పన్నెండోనాడు బస్సెక్కి పనికి పోయినా. సెలవు లేదు. ఇంట్లో ఎవరూ లేరు గదా, వుండి మాత్రం ఏం చేస్తావులే అన్న్యారు."

"పదకొండేనా!" అంది తస్లీమా. ఆమె ముఖంలో నిజమైన జాలి. నలభై తొమ్మిది రోజుల కిందట మొగుడు పోయిన పిల్ల తన మీద జాలి పడుతోంది. స్వర్ణలత ఫారంలో మూడో ప్రశ్న దగ్గర పెన్ను పెట్టింది, పెన్ను కదల్లేదు. తన మొగుడు పోయిన ఈ ఏడేళ్లూ ఊరంతటి నిద్ర గురించి రాసుకుంటూ తిరిగింది గాని, తను కూర్చుని ఏడ్చిన చోటు ఒక్కటీ లేదు. అద్దె గదిలో పక్కవాళ్లు వింటారు, ఆఫీసులో ఖలందరన్న ఉంటాడు, బస్సులో ఊరంతా ఉంటుంది.

తస్లీమా లేచి పోయి దుప్పటిని గోడ దాకా సరిగ్గా లాగింది. ఇటువైపు కొంచెం సందు మిగిలితే అక్కడ కుట్టుమిషను మీది నైటీ ఒకటి వేలాడదీసింది.

"ఈడ కూచో అక్కా. ఈడకు యెవరూ రారు."

స్వర్ణలత బండ మీద గోడకు ఆనుకుని కూర్చుంది. మొదట చెప్పులు విప్పింది. తర్వాత మెడలో ఐడీ కార్డు తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత ఆపుకోవాలని చూసింది గాని ఆగలేదు. తస్లీమా ఏమీ ఓదార్చలేదు. పక్కనే కూర్చుని, నైటీ ఒకటి ఒళ్లోకి తీసుకుని చేత్తో కాజాలు కుట్టసాగింది.

బయట ఖలందర్ గొంతు వినిపించింది. "మేడమ్ యాడమ్మా? సీఐ సారు ఫోన్ చేస్తాండాడు. వాంగ్మూలం కాగితాల కోసం తొందర చేస్తాండాడు."

వాకిలి దగ్గర నుంచి షాహీదాబీ జవాబు చెప్పింది.

"కాగితాలు శోభమ్మ తీసుకుపాయ గదప్పా. ఆ బిడ్డ పరదాలో వుండాది. ఇప్పుడు రాదని చెప్పు."